చిన్న రేడియో విమానానికి తగిన బ్యాటరీ ఛార్జరు

గండి వద్ద కొండలను చీల్చుకొని వచ్చి, వేంపల్లె ప్రక్కగా సాగి, కమలాపురం సమీపాన పెన్నలో కలిసే పాపాఘ్ని నదిలో సంవత్సరంలో చాలా నెలలు నీటి కంటె ఇసుకే ఎక్కువగా కనిపిస్తుంది. అటువంటి విశాలమైన ఇసుక తిన్నె మీద, సాయంకాలం గాలి తగ్గిన వేళ, థర్మోకోలు వంటి తేలికైన పదార్థంతో చేసిన చిన్న విమానాన్ని రేడియో సహాయంతో ఎగరవేయుట విద్యార్థులకు ఎంతో ఉత్సాహం కలిగించే ప్రయోగం. రెక్క ఎందుకు తేలుతుంది, తోక ఎందుకు అవసరం, మోటారు ఎట్లా తిరుగుతుంది అనే పాఠాలన్నీ ఒక్క ఆటలో కళ్ళకు కడతాయి.

అయితే ఆ విమానం ఆరేడు నిమిషాలు మాత్రమే ఎగిరి దిగుతుంది. దాని పొట్టలో ఉన్న అగ్గిపెట్టె అంత బ్యాటరీ ఖాళీ అవుతుంది. దానిని మళ్ళీ నింపుట ఎట్లా? ఇంట్లో సెల్ ఫోను ఛార్జరు ఉన్నది. మెకానిక్కు వద్ద మోటారు సైకిలు బ్యాటరీ నింపే పెట్టె ఉన్నది. వీటిలో దేనికో రెండు తీగలు కలిపితే సరిపోదా అని విద్యార్థికి తోచుట సహజం. సరిపోదు. అట్లా కలిపినందువల్ల బ్యాటరీ ఉబ్బుట, పొగ వచ్చుట, మంట లేచుట జరుగవచ్చు. కావున విమానం కొనే ముందే ఛార్జరు గురించి ఆలోచించవలెను. ఈ ఎంపికకు కావలసిన శాస్త్రమంతా ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రంలోనే ఉన్నది. ఓం నియమం, సామర్థ్యపు లెక్క తెలిసినవారు ఎవరైనా దీనిని చేయగలరు.

విమానం విద్యుత్తు మీద ఎగిరిన కథ

రేడియోతో నడిచే నమూనా విమానాలు మొదట పెట్రోలు ఇంజనుతోనే ఎగిరినవి. అమెరికాలో వాల్టరు గుడ్, విలియం గుడ్ అనే సోదరులు 1937లో ఎగరవేసిన 'గఫ్' అనే విమానం ఈ రంగంలో ప్రసిద్ధమైనది. విద్యుత్ మోటారుతో ఎగిరేందుకు ఇంకా ఇరవై సంవత్సరాలు పట్టినది. 1957 జూన్ 30వ తేదీన ఇంగ్లండులో కర్నల్ టాప్లిన్ అనే ఆయన వెండి-జింకు బ్యాటరీతో, విద్యుత్ మోటారుతో 'రేడియో క్వీన్' అనే విమానాన్ని ఎగరవేసినాడు.

ఆలస్యానికి కారణం బ్యాటరీ బరువు. సీసపు బ్యాటరీ మోటారుకు కావలసిన విద్యుత్తు ఇవ్వగలదు గాని, తన బరువునే తాను మోయలేదు. 1899లో స్వీడనుకు చెందిన యుంగ్నర్ కనిపెట్టిన నికెల్-కాడ్మియం ఘటం కొంత తేలిక. చాలా సంవత్సరాలు నమూనా విమానాలకు అదే ఆధారమైనది. తరువాత నికెల్-మెటల్ హైడ్రైడ్ ఘటాలు వచ్చినవి. 1991లో జపానులో లిథియం-అయాన్ ఘటాలు మార్కెట్టులోకి వచ్చిన పిమ్మట పరిస్థితి పూర్తిగా మారినది. ఈ ఘటాల రూపకల్పనకు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. లోహపు డబ్బాకు బదులు పలుచని సంచిలో అమర్చిన లిథియం ఘటాన్నే విమానాలవారు 'లిథియం పాలిమర్' లేక క్లుప్తంగా 'లైపో' అంటారు. నేటి చిన్న విమానాలలో దాదాపు అన్నింటిలోను ఉన్నది ఇదే.

సీసపు బ్యాటరీల పరిశ్రమ రాయలసీమకు క్రొత్త కాదు. 1985లో స్థాపించబడిన అమర రాజా సంస్థ తిరుపతి వద్దనే పెరిగినది. 2022 సెప్టెంబరులో అదే తిరుపతిలో లిథియం ఘటాల కర్మాగారం ఒకటి ప్రయోగాత్మక ఉత్పత్తిని ఆరంభించినది. కనుక ఈ విషయం ఆటకే పరిమితమైనది కాదు. వేంపల్లె మండలంలోని ఇడుపులపాయలో 2008 నుండి పనిచేస్తున్న రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణానికి ప్రతి యేటా చేరే గ్రామీణ విద్యార్థులలో కొందరికైనా ఇది రేపటి వృత్తి కావచ్చు.

ఘటం మారితే ఛార్జరు మారవలెను

ప్రతి ఘటానికి ఒక స్వభావం ఉంటుంది. సీసపు ఘటం విద్యుత్ పీడనం సుమారు 2 వోల్టులు. నికెల్ ఘటాలది 1.2 వోల్టులు. లైపో ఘటానిది 3.7 వోల్టులు. ఇవి సగటు విలువలు. లైపో ఘటం పూర్తిగా నిండినప్పుడు 4.2 వోల్టులకు చేరుతుంది. ఖాళీ అయ్యే కొద్దీ తగ్గుతూ వస్తుంది. 3 వోల్టుల కంటె దిగితే శాశ్వతంగా చెడిపోతుంది. అంటే 4.2 పైకప్పు, 3 నేల. ఈ రెండింటి మధ్యనే దాని జీవితం గడవవలెను.

నిండినదని తెలుసుకొనే పద్ధతి కూడ ఘటాన్ని బట్టి మారుతుంది. నికెల్ ఘటం నిండే కొద్దీ దాని వోల్టేజి పెరుగుతుంది. పూర్తిగా నిండిన తరువాత లోపలికి వచ్చే శక్తికి చోటు లేక అది ఉష్ణంగా మారుతుంది. ఘటం వెచ్చబడి, వోల్టేజి కొన్ని మిల్లీవోల్టులు తగ్గుతుంది. నికెల్ ఘటాల ఛార్జరు ఈ చిన్న తగ్గుదలనే కనిపెట్టి ఆగుతుంది.

లైపో ఘటంలో అటువంటి తగ్గుదల ఎన్నడూ రాదు. లైపోను నికెల్ పద్ధతిలో ఛార్జి చేస్తే, యంత్రం రాని సంకేతం కోసం ఎదురు చూస్తూ విద్యుత్తును పంపుతూనే ఉంటుంది. వోల్టేజి 4.2 దాటి పైకి పోతుంది. అప్పుడు ఋణధ్రువం మీద లోహ లిథియం పేరుకొంటుంది. ధనధ్రువంలోని పదార్థం విచ్ఛిన్నమై ప్రాణవాయువును విడుస్తుంది. లోపలి ద్రావకం త్వరగా మండే స్వభావం కలది. మంటకు కావలసిన ఇంధనం, ప్రాణవాయువు, వేడి ఒకే సంచిలో చేరుతాయి. అందుచేత ఛార్జరు మీద మొదట చూడవలసినది 'లైపో' అనే మాట. రెండు మూడు రకాల ఘటాలకు పనికివచ్చే ఛార్జరైతే, ప్రతిసారి సరియైన రకాన్ని ఎంచుకొన్నట్లు చూచుకొనవలెను.

విమానాన్ని నడిపే చేతి పెట్టెలో మాత్రం తరచుగా నికెల్ ఘటాలే ఉంటాయి. వాటికి వేరే ఛార్జరు ఉండుట మేలు.

బ్యాటరీ మీది వ్రాతలు

బ్యాటరీ మీద '3ఎస్, 2200 మిల్లీ ఆంపియర్-గంటలు, 25సి' అని వ్రాసి ఉన్నదనుకొందాం. 'ఎస్' అనే అక్షరం వరుస సంధానంలో ఉన్న ఘటాల సంఖ్యను తెలుపుతుంది. 3ఎస్ అనగా మూడు ఘటాలు. సగటు వోల్టేజి 3 × 3.7 = 11.1. నిండినప్పుడు 3 × 4.2 = 12.6 వోల్టులు.

2200 మిల్లీ ఆంపియర్-గంటలు అనగా 2.2 ఆంపియర్ల విద్యుత్ ప్రవాహాన్ని ఒక గంట సేపు ఇవ్వగలదని అర్థం. ఆ 2.2 ఆంపియర్లనే ఆ బ్యాటరీకి '1సి' అంటారు. 500 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీకి 1సి అనగా అర ఆంపియరు. 150 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీకి 0.15 ఆంపియరు. 'సి' ఒక స్థిరమైన ప్రవాహం కాదు. కుండ పరిమాణాన్ని బట్టి ధార ఎంత ఉండవలెనో చెప్పే కొలత అది.

పైన చెప్పిన 25సి బ్యాటరీ విడుదల చేయగల ప్రవాహాన్ని సూచిస్తుంది, నింపవలసిన ప్రవాహాన్ని కాదు. ఈ రెండింటిని తారుమారు చేయుట క్రొత్తవారు చేసే పెద్ద పొరపాటు. తయారీదారు ప్రత్యేకించి చెప్పనంతవరకు 1సి వద్దనే ఛార్జి చేయవలెను.

రెండు దశలలో నింపుట

లైపో ఛార్జరు పని రెండు దశలలో జరుగుతుంది. మొదటి దశలో ప్రవాహం స్థిరం. 1సి ప్రవాహం పోతూ ఉండగా ఘటం వోల్టేజి మెల్లగా పెరుగుతుంది. 4.2 వోల్టులు చేరగానే రెండవ దశ మొదలవుతుంది. ఇక ఛార్జరు 4.2 వోల్టులను మించనీయదు. వోల్టేజి స్థిరం, ప్రవాహం తనంతట తాను తగ్గుతుంది.

ఎందుకు తగ్గుతుంది? ఛార్జరు వోల్టేజికి, ఘటపు స్వంత వోల్టేజికి గల తేడాను మార్గంలోని నిరోధంతో భాగిస్తే ప్రవాహం వస్తుంది. నిరోధం 0.05 ఓము అనుకొందాం. ఘటపు వోల్టేజి 4.1 అయినప్పుడు తేడా 0.1 వోల్టు, ప్రవాహం 2 ఆంపియర్లు. ఘటం 4.18 వోల్టులకు చేరినప్పుడు తేడా 0.02 వోల్టు, ప్రవాహం 0.4 ఆంపియరు. నిండే కొద్దీ తేడా తగ్గుతుంది, ధార సన్నబడుతుంది. మొదటి ప్రవాహంలో పదవ వంతు లేక అంతకంటె తక్కువ మిగిలినప్పుడు మంచి ఛార్జరు పూర్తిగా ఆగిపోతుంది. నిండు కడవ అంచు దగ్గరకు వచ్చినప్పుడు చెంబును నెమ్మదిగా వంచే ఇల్లాలి చేతి నేర్పు వంటిదే ఇది.

సెల్ ఫోను ఛార్జరు విషయం ఇప్పుడు సులభంగా అర్థమవుతుంది. గోడకు తగిలించే ఆ చిన్న పెట్టె నిజానికి ఛార్జరు కాదు. అది 5 వోల్టుల విద్యుత్తును ఇచ్చే సాధనం మాత్రమే. 4.2 వద్ద ఆపే అసలు ఛార్జరు ఫోను లోపల ఉన్నది. ఆ పెట్టె తీగలను తిన్నగా లైపో ఘటానికి కలిపితే 4.2 వద్ద ఆపేవారు ఎవరూ ఉండరు. ఘటం 5 వోల్టుల వైపు ఎక్కుతూనే పోతుంది. చిన్న విమానాలతో పాటు వచ్చే యు.ఎస్.బి. తీగలో మాత్రం ఒక చిన్న నియంత్రకం అమర్చి ఉంటుంది. ఆ తీగ ద్వారా ఫోను పెట్టె నుండి విద్యుత్తు తీసుకొన్నప్పుడు ప్రమాదం లేదు. తేడా అంతా ఆ మధ్యనున్న గోరంత నియంత్రకంలోనే ఉన్నది.

మూడు ఘటాల సమతూకం

ఒకే ఘటం ఉన్న బ్యాటరీకి ఇంతవరకు చెప్పినది చాలు. రెండు మూడు ఘటాలు వరుసగా ఉన్నప్పుడు మరొక చిక్కు వస్తుంది. ఒకే కర్మాగారంలో ఒకే రోజున తయారైన ఘటాలైనా పూర్తిగా ఒకే రీతిగా ఉండవు. వాడే కొద్దీ తేడాలు పెరుగుతాయి.

3ఎస్ బ్యాటరీని రెండు పెద్ద తీగల ద్వారా మాత్రమే ఛార్జి చేసినామనుకొందాం. మొత్తం 12.6 వోల్టులు రాగానే ఛార్జరు ఆగినది. అంతా సవ్యంగానే ఉన్నట్లు కనిపిస్తుంది. కాని లోపల ఒక ఘటం 4.30, మిగిలినవి ఒక్కొక్కటి 4.15 వోల్టులు ఉండవచ్చు. 4.30 + 4.15 + 4.15 = 12.60. మొత్తం సరిపోయినది గాని, ఒక ఘటం ప్రమాద స్థితిలో ఉన్నది. తరగతి సగటు మార్కులు బాగున్నంత మాత్రాన ప్రతి విద్యార్థి ఉత్తీర్ణుడైనాడని చెప్పలేము గదా!

దీనికి విరుగుడుగా బ్యాటరీ నుండి ఒక తెల్లని చిన్న ప్లగ్గు కూడ వస్తుంది. ఘటాల సంఖ్య కంటె అందులో ఒక తీగ ఎక్కువ. 2ఎస్ బ్యాటరీకి 3 తీగలు, 3ఎస్ బ్యాటరీకి 4 తీగలు. వీటి ద్వారా ఛార్జరు ప్రతి ఘటపు వోల్టేజిని విడివిడిగా కొలుస్తుంది. ముందు నిండిన ఘటం నుండి కొంచెం విద్యుత్తును ఒక నిరోధం ద్వారా ప్రక్కకు మళ్ళించి, వెనుకబడిన ఘటాలకు అవకాశం ఇస్తుంది. దీనినే బ్యాలెన్సు చేయుట అంటారు. ఒక ఘటంలో 100 మిల్లీ ఆంపియర్-గంటలు ఎక్కువగా ఉండి, ఛార్జరు 200 మిల్లీ ఆంపియర్లు మళ్ళించగలిగితే ఈ పనికి అర గంట పడుతుంది. ఈ ఓపిక వృథా కాదు. రెండు లేక అంతకంటె ఎక్కువ ఘటాలు గల బ్యాటరీకి బ్యాలెన్సు ప్లగ్గు లేని ఛార్జరును ఎంత చౌకగా వచ్చినా కొనరాదు.

వాట్ల లెక్క

ఛార్జరు పెట్టె మీద సాధారణంగా రెండు సంఖ్యలు ఉంటాయి. ఉదాహరణకు '6 ఆంపియర్లు, 50 వాట్లు'. రెండింటిని ఒకేసారి ఎల్లప్పుడు పొందవచ్చునని అనుకొనరాదు. సామర్థ్యం అనగా వోల్టులను ఆంపియర్లతో గుణించిన ఫలితం. 12.6 వోల్టుల వద్ద 50 వాట్ల ఛార్జరు ఇవ్వగలిగినది 50 ÷ 12.6, అనగా సుమారు 4 ఆంపియర్లు మాత్రమే.

2200 మిల్లీ ఆంపియర్-గంటల 3ఎస్ బ్యాటరీని 1సి వద్ద నింపుటకు 12.6 × 2.2 = 27.7 వాట్లు కావలెను. కనుక 50 వాట్ల ఛార్జరు ధారాళంగా సరిపోతుంది. 500 మిల్లీ ఆంపియర్-గంటల 2ఎస్ బ్యాటరీకి 8.4 × 0.5 = 4.2 వాట్లు చాలు. చిన్న విమానాలు మాత్రమే ఎగరవేసే పాఠశాల వందల వాట్ల ఛార్జరుకు డబ్బు పోయనవసరం లేదు.

ఈ చిన్న బ్యాటరీల విషయంలో అసలు చూడవలసినది గరిష్ఠ ప్రవాహం కాదు, కనిష్ఠ ప్రవాహం. అరచేతిలో పట్టే విమానానికి 150 మిల్లీ ఆంపియర్-గంటల ఒంటి ఘటం ఉంటుంది. దాని 1సి 0.15 ఆంపియరు. ఛార్జరు అర ఆంపియరు కంటె తగ్గలేనిదైతే, ఆ ఘటానికి మూడింతలకు మించిన ప్రవాహం బలవంతంగా పోతుంది. పెద్ద ఛార్జరు చిన్న ఘటానికి శత్రువు కావచ్చు. 0.1 ఆంపియరు వరకు తగ్గించగలిగి, 0.1 చొప్పున మార్చగలిగిన ఛార్జరైతే చిన్న బ్యాటరీలకు, ఓ మోస్తరు బ్యాటరీలకు కూడ పనికివస్తుంది.

తరగతిలో నలభై మంది ఉన్నప్పుడు ఒక్క బ్యాటరీతో పని జరగదు. నాలుగైదు ఒంటి ఘటాలను ఒకేసారి నింపవలెననిపిస్తుంది. దీనికి ప్రతి ఘటానికి విడి ద్వారం, విడి నియంత్రకం గల ఛార్జరు ఉత్తమం. ఒకే ద్వారానికి పలక ద్వారా బ్యాటరీలన్నింటిని సమాంతరంగా కలిపే పద్ధతి కూడ ఉన్నది. అది అనుభవజ్ఞులకే తగినది. 4.1 వోల్టుల ఘటాన్ని, 3.6 వోల్టుల ఘటాన్ని కలిపినామనుకొందాం. తేడా 0.5 వోల్టు. ఒక్కొక్కదాని అంతర్నిరోధం 0.1 ఓము అయితే మొత్తం 0.2 ఓము. ఛార్జరును ఇంకా ఆన్ చేయకముందే ఒక ఘటం నుండి మరొక ఘటంలోకి 2.5 ఆంపియర్లు ప్రవహిస్తాయి. 150 మిల్లీ ఆంపియర్-గంటల ఘటానికి అది 16సి కంటె ఎక్కువ. పాఠశాలలో ఈ పద్ధతి వద్దు.

కరెంటు లేని చోట

నది ఒడ్డున గోడ ప్లగ్గు ఉండదు. అందువలన 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో కూడ పనిచేసే ఛార్జరు పల్లెటూరి పాఠశాలకు ఎక్కువ ఉపయోగం. అయితే దేని నుండి ఎంత తీసుకొనవచ్చునో ముందుగా లెక్క చూచుకొనవలెను.

పైన చెప్పిన 3ఎస్ బ్యాటరీలో నిలువ ఉండే శక్తి 11.1 × 2.2 = 24.4 వాట్-గంటలు. ఛార్జరులో కొంత శక్తి వేడిగా పోతుంది. నూటికి 85 పాళ్ళు మాత్రమే చేరుతుందనుకొంటే, 24.4 ÷ 0.85 = 28.7 వాట్-గంటలు బయటి నుండి తీసుకొనవలెను. మోటారు సైకిలు బ్యాటరీ 12 వోల్టులు, 5 ఆంపియర్-గంటలది అయితే దానిలో ఉన్నది 60 వాట్-గంటలే. ఒక్కసారి విమానపు బ్యాటరీని నింపగానే దాదాపు సగం ఖాళీ అయినట్లే. సాయంకాలం ఇంటికి బయలుదేరేటప్పుడు స్విచ్చి నొక్కితే బండి కదలదు, కిక్కు కొట్టవలసి వస్తుంది.

35 ఆంపియర్-గంటల కారు బ్యాటరీలో 420 వాట్-గంటలు ఉంటాయి. కారు మళ్ళీ స్టార్టు కావలెనంటే అందులో అయిదవ వంతుకు మించి వాడకుండుట మంచిది. అయిదవ వంతు 84 వాట్-గంటలు. అనగా సుమారు మూడు సార్లు నింపుకొనవచ్చును.

రాయలసీమలో వర్షానికి కొరత ఉన్నది గాని ఎండకు కొరత లేదు. 50 వాట్ల సౌర ఫలకం రోజుకు 5 గంటల నిండు ఎండతో సమానమైన కాంతిని పొందినదనుకొంటే 250 వాట్-గంటలు వస్తాయి. మధ్యలో నూటికి 30 పాళ్ళు పోయినా 175 మిగులుతాయి. ఆ శక్తిని సౌర నియంత్రకం ద్వారా సీసపు బ్యాటరీలో నిలువ చేసి, అక్కడి నుండి ఛార్జరుకు ఇస్తే రోజుకు ఆరు పెద్ద బ్యాటరీలను నింపవచ్చును. ఫలకాన్ని తిన్నగా లైపోకు మాత్రం కలుపరాదు. ఎండను బట్టి మారే ఫలకపు వోల్టేజికి 4.2 అనే హద్దు తెలియదు.

ఎండ, వేడి, మంట

లిథియం ఘటాలను 45 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడిలో ఛార్జి చేయరాదు. కడప ప్రాంతంలో మే నెలలో నీడలోనే 40 డిగ్రీలు దాటుట సాధారణం. రేకుల కప్పు క్రింద, మూసి ఉంచిన కారులో వేడి ఇంకా చాలా ఎక్కువ. పైగా అప్పుడే దిగిన విమానంలోని బ్యాటరీ స్వయంగా వెచ్చగా ఉంటుంది. దానిని నీడలో చల్లారనిచ్చి, చేతికి వెచ్చదనం తెలియని స్థితికి వచ్చిన తరువాతనే ఛార్జరుకు తగిలించవలెను. వేసవిలో ఉదయపు వేళ ఛార్జి చేయుట అన్ని విధాల మేలు.

ఛార్జి చేసే చోటు కూడ ముఖ్యం. చెక్క బల్ల, చాప, పుస్తకాల గుట్ట, పరుపు పనికిరావు. ఈ విషయంలో ప్రకృతి ఈ సీమకు ఒక వరం ఇచ్చినది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల గనులలో దొరికే కడప బండ మండదు, కరెంటును పోనీయదు, చవకగా దొరుకుతుంది. వరండాలో ఒక కడప బండ పరచి, దాని మీద మట్టి మూకుడులో బ్యాటరీని ఉంచి, ప్రక్కన పొడి ఇసుక బక్కెట్టు పెట్టుకొంటే పాఠశాలకు మంచి ఛార్జింగు స్థలం ఏర్పడినట్లే. చుట్టూ మూడు అడుగుల లోపల కాగితం గాని, గుడ్డ గాని ఉండరాదు. ఎవరూ లేనప్పుడు, రాత్రి నిద్రించేటప్పుడు ఛార్జి చేయరాదు.

ఉబ్బిన బ్యాటరీని, నేలకు గట్టిగా తగిలి నలిగిన బ్యాటరీని తిరిగి ఛార్జి చేయరాదు. ఉబ్బు తగ్గించుటకు సూదితో పొడుచుట అత్యంత ప్రమాదకరం. పనికిరాని బ్యాటరీని చెత్తలో పారవేయక, బ్యాటరీలు సేకరించే చోట ఇవ్వవలెను. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఉత్పత్తిదారుల మీద ఉంచినవి.

పరీక్షల కాలంలో నెలల తరబడి విమానం ఎగరవేయనప్పుడు బ్యాటరీని నిండుగాను ఉంచరాదు, ఖాళీగాను ఉంచరాదు. ఘటానికి సుమారు 3.8 వోల్టుల వద్ద చల్లని చోట భద్రపరచవలెను. మంచి ఛార్జర్లలో 'స్టోరేజి' అనే ఏర్పాటు ఈ పనిని తనంతట తానే చేస్తుంది.

కొనే ముందు వేయవలసిన ప్రశ్నలు

ఉపాధ్యాయుడు దుకాణంలో ఈ క్రింది ప్రశ్నలు వేసి చూచుకొంటే పొరపాటు జరుగదు.

1. ఇది లైపో ఘటాలకు తగినదేనా? ఘటానికి 4.2 వోల్టుల వద్ద ఆగుతుందా?

2. పాఠశాలలో ఉన్న బ్యాటరీలలో ఎన్ని ఘటాలున్నవి? ఒంటి ఘటం నుండి 3ఎస్ వరకు ఇది పనిచేస్తుందా?

3. బ్యాలెన్సు ప్లగ్గు పట్టే చోటు ఉన్నదా? అది పాఠశాల బ్యాటరీల ప్లగ్గుకు సరిపోతుందా?

4. అన్నిటికంటె చిన్న బ్యాటరీ 1సి వరకు ప్రవాహాన్ని తగ్గించగలమా? అన్నిటికంటె పెద్ద బ్యాటరీకి కావలసిన వాట్లు ఉన్నవా?

5. గోడ ప్లగ్గుతోను, 12 వోల్టుల బ్యాటరీతోను పనిచేస్తుందా?

6. ప్రతి ఘటపు వోల్టేజిని, నిండిన మిల్లీ ఆంపియర్-గంటలను చూపే తెర ఉన్నదా?

7. తీగలు తారుమారుగా కలిపినప్పుడు, మితిమీరి వేడెక్కినప్పుడు ఆగిపోయే రక్షణ ఉన్నదా?

ఒక్క చిన్న ఒంటి ఘటపు విమానం మాత్రమే ఉన్న విద్యార్థికి విమానంతో వచ్చిన యు.ఎస్.బి. ఛార్జరే చాలు. అనేక రకాల విమానాలు చేయదలచిన పాఠశాలకు, అటల్ టింకరింగ్ ప్రయోగశాల వంటి సదుపాయం ఉన్న చోటికి, తెర ఉన్న 50 వాట్ల బ్యాలెన్సు ఛార్జరు ఒకటి, ఒంటి ఘటాలకు విడి ద్వారాలున్న చిన్నది మరొకటి ఉంటే చాల సంవత్సరాలు పనికివస్తాయి. బ్యాటరీలు అరుగుతాయి, విమానాలు విరుగుతాయి. జాగ్రత్తగా వాడిన ఛార్జరు మాత్రం నిలుస్తుంది. అందుచేత ఖర్చులో పొదుపు చేయదలచినవారు విమానం మీద చేయవచ్చును గాని, ఛార్జరు మీద చేయరాదు.

తరగతిలో ఒక ప్రయోగం

తెర ఉన్న ఛార్జరు స్వయంగా ఒక కొలత పరికరం. 500 మిల్లీ ఆంపియర్-గంటల ఒంటి ఘటాన్ని విమానంలో వాడి, చల్లారిన తరువాత ఛార్జరుకు తగిలించి, అర ఆంపియరు వద్ద ప్రారంభించవలెను. ప్రతి అయిదు నిమిషాలకు వోల్టేజి, ప్రవాహం వ్రాసుకొనవలెను. కాలాన్ని అడ్డుగీత మీద, ప్రవాహాన్ని నిలువుగీత మీద గుర్తించి రేఖాచిత్రం గీయవలెను. మొదట గీత అడ్డంగా సాగి, ఒక చోట వంగి, క్రమంగా దిగుతుంది. ఆ వంపు వద్దనే వోల్టేజి 4.2కు చేరి ఉంటుంది. పాఠంలో చదివిన రెండు దశలు కాగితం మీద కనిపిస్తాయి.

గీత క్రింది వైశాల్యమే బ్యాటరీలోనికి వెళ్ళిన విద్యుత్తు. ఉదాహరణకు, 40 నిమిషాలు 0.5 ఆంపియరు చొప్పున పోయిన విద్యుత్తు 0.333 ఆంపియర్-గంట. తరువాత 30 నిమిషాలలో ప్రవాహం తగ్గుతూ సగటున 0.2 ఆంపియరు ఉంటే మరొక 0.1. మొత్తం 0.433, అనగా 433 మిల్లీ ఆంపియర్-గంటలు. ఎగిరినప్పుడు ఖర్చయినది అంతే అన్నమాట. 500లో 433 అనగా నూటికి 87 పాళ్ళు. లైపోలో నూటికి 80 పాళ్ళు మాత్రమే వాడి దింపుట దాని ఆయుర్దాయానికి మంచిది. కనుక ఈ విద్యార్థులు తమ విమానాన్ని కొంచెం ఆలస్యంగా దింపినారు. వారు 8 నిమిషాలు ఎగరవేసి ఉంటే, ఇకమీదట 7 నిమిషాలకే గడియారం చూచి దింపవలెను.

ఎగరవేసే చోటును గురించి కూడ ఒక్క మాట. 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం గగనతలం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజింపబడినది. డిజిటల్ స్కై పటంలో తమ ఊరు ఏ మండలంలో ఉన్నదో ఉపాధ్యాయుడు ముందుగా చూచి, జనం, పశువులు, విద్యుత్ తీగలు లేని మైదానంలో, విమానం కంటికి కనిపించే దూరంలోనే ఎగరవేయించవలెను.

విమానం గాలిలో ఉన్నప్పుడు అందరి చూపు దాని మీదనే ఉంటుంది. వరండాలో బండ మీద మౌనంగా పనిచేసే ఛార్జరును ఎవరూ చూడరు. కాని 4.2 వద్ద ఆగవలెనని తెలిసిన ఆ పెట్టె, దాని ప్రక్కన వోల్టుల పట్టిక పట్టుకొని కూర్చున్న విద్యార్థి, ఈ ఇద్దరి జాగ్రత్త మీదనే మరుసటి రోజు ఎగిరే విమానం ఆధారపడి ఉన్నది.